కిలో గుండు

తుపాకులు బాగుచేసే స్రేతెన్ పిస్తోలును పైకెత్తాడు. ట్రిగ్గరుకు తగిలించిన కిలో తూకపు గుండు బల్ల మీంచి లేచి గాలిలో నిలిచింది.

“చూశావుగా జాగోర్కా, సరిగ్గా ఉంది.”

“ఇంకా వదులు చెయ్యి మేస్త్రీ.”

“ఈ నెల్లో మూడోసారి! పిడి చెక్కమన్నావు, చెక్కాను. ఇంతకన్నా వదులైతే ట్రిగ్గరు గుండు మొయ్యదు. రేపు పోటీకి ముందు ఇలాగే తూస్తారు. పిస్తోలు చెల్లదని నిన్ను పంపేస్తారు.”

“పంపనీ.”

స్రేతెన్ కళ్లద్దాలు తీశాడు. ముప్పై ఏళ్లు ఉజిత్సె ఊరి షూటింగ్ జట్టుకు పతకాలు తెచ్చిన మనిషి, కాఫీ కప్పును రెండు చేతులా పట్టుకుని ఉంది. అయినా కాఫీ తొణుకుతోంది.

“రానంటే ఎందుకని అడుగుతారు,” అందామె. “పిస్తోలు చెల్లలేదని ఇంటికెళ్లిపోతాను. చెయ్యి చెల్లలేదని కాదు.”

“అంటే, పోయేది నా పేరన్నమాట.”

ఆమె కప్పు పక్కన పెట్టి, స్క్రూడ్రైవర్‌ను అతని వైపు జరిపింది.

స్రేతెన్ నిట్టూర్చి, స్క్రూడ్రైవర్‌తో ట్రిగ్గరు మరను అరచుట్టు వదులు చేశాడు. మళ్లీ పిస్తోలు ఎత్తాడు. ట్రిగ్గరు టక్కున జారింది. గుండు బల్ల మీదే ఉండిపోయింది.

“ఎవరైనా అడిగితే, మేస్త్రీ ముసలాడైపోయాడు, చేతులు వణుకుతున్నాయని చెప్పు.”