రేపు ఎవరూ సముద్రానికి రావద్దు

"రేపు అలలు అసలుండవు. ఎదురుగాలి. నీళ్ళ నిండా జెల్లీ చేపలు. ఇళ్ళల్లోనే ఉండటం ఆరోగ్యానికి మంచిది."

చివరి మాటల కింద గీత గీసి, అలల మాస్టారు సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. ఆయన వెనక సముద్రం అప్పుడే ఓ పెద్ద అలని ఒడ్డున పడేసి, ఇంకోదాన్ని లేపుతోంది.

"ఏవండీ, రేపు అలలుండవా?" అంది భార్య కొట్టు గుమ్మంలోంచి. ఆ హోరులో వినబడాలంటే అరవాల్సి వచ్చింది.

"ఇవాళ ఉన్నాయి. రేపుండవు."

"జెల్లీ చేపలు రేపే వస్తాయని మీకెవరు చెప్పారు?"

"గాలి వాసన బట్టి తెలిసిపోతుంది. ఇన్నేళ్ళ అనుభవం ఊరికే పోతుందా?"

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది. దగ్గొచ్చిందేమో అనుకున్నాడు.

అనుభవం మాట మాత్రం అబద్ధం కాదు. సర్ఫింగ్ బోర్డులు అద్దెకిచ్చే కొట్టు ఆయనది. రోజూ సాయంత్రం కొట్టు ముందున్న నల్లబల్ల మీద మర్నాటి అలలూ గాలీ ఎలా ఉంటాయో రాస్తాడు. ఆ బల్ల చూడందే ఊళ్ళో ఎవరూ బోర్డు ముట్టుకోరు. ఏ అల ఎక్కడ లేస్తుందో, ఎటు విరుగుతుందో, దాని మీద మోకాళ్ళు ఎంత వంచాలో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతాడు. అందుకే మాస్టారన్న పేరొచ్చింది. ఒక్కటే లోటు. బోర్డు మీద ఆయన ఈ జన్మలో నిలబడి ఎరగడు.

ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు. పోయిన వారం బేకరీలో నలుగురూ చేరి ఆదివారం జరిగే సర్ఫింగ్ పోటీల గురించి మాట్లాడుకుంటుంటే, ఈయన నోరు ఊరుకుంటేనా? "మొదటి అల నేనెక్కి చూపిస్తా" అనేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి చెప్పులు విడిచాక గానీ తనేం కూశాడో తెలిసిరాలేదు. ఊరందరి ముందూ బోర్లా పడితే ఇక ఆ బల్ల ముఖం ఎవరు చూస్తారు? మాస్టారన్న పిలుపు కాస్తా పోతుంది. ఆ పిలుపు లేకుండా బతకడం ఆయన వల్ల కాదు.

అప్పట్నుంచీ బల్ల మీద అన్నీ కోతలే. ఓ రోజు పిడుగులన్నాడు. మర్నాడు సుడిగాలన్నాడు. ఆ మర్నాడు ఇసుకలో తేళ్ళు తిరుగుతున్నాయన్నాడు. ఊరు ఇంట్లో కూర్చుంటే, ఖాళీ తీరంలో తీరిగ్గా పడి లేవచ్చని ఆయన ఎత్తు. రోజూ ఎండ ఫెళఫెళలాడుతున్నా ఒక్కరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. తన మాటకి ఇంత విలువుందా అని ఆయనకి లోలోపల గర్వంగా కూడా ఉంది. నిలబడటం మాత్రం ఇంకా రాలేదు. చేతిలో మిగిలింది శనివారం ఒక్కటే. అదీ పోతే ఆదివారానికి తుఫాను రాసేసి, పోటీలే ఎత్తేయించాలని తీర్మానించుకున్నాడు.

లైఫ్‌గార్డ్‌గా పనిచేసే బావమరిది వచ్చి బల్ల చదివాడు.

"అమ్మో, జెల్లీ చేపలా! అయితే రేపు నేను డ్యూటీకి రానా, వద్దా బావా?"

"మనిషే లేనిచోట నీకేం పని? హాయిగా పడుకో."

"నీకేమన్నా అయితే?"

"నాకేమవుతుంది? నేనూ ఇంట్లోనేగా!"

"అవునవును." బావమరిది ఎటో చూస్తూ తల గోక్కున్నాడు. "మాటవరసకంటున్నాలే. బోర్డు మీద లేచేటప్పుడు కాళ్ళకేసి చూసుకోకూడదు బావా. ఒడ్డుకేసి చూడాలి."

"ఒరేయ్, నాకే చెబుతున్నావా?"

"ఛ ఛ, నీకెందుకు? జెల్లీ చేపలకి."

మర్నాడు పొద్దున్నే తీరంలో పురుగు లేదు. మాస్టారు బోర్డు ఈడ్చుకుంటూ నీళ్ళలో దిగాడు. పడ్డాడు. మళ్ళీ లేచి, ఈసారి వెల్లకిలా పడ్డాడు. ఒకసారి బోర్డు ఒడ్డుకు చేరింది, ఆయన చేరలేదు. మింగిన ఉప్పునీళ్ళకి కడుపు బానలా అయింది. ఏడుపు ముంచుకొచ్చింది. పోనీ, ఆ వెధవ చెప్పినట్టే చేసి చూద్దామని ఒడ్డుకేసి చూస్తూ లేచాడు.

పడలేదు!

కాళ్ళు వణుకుతున్నాయి, పొట్ట ఊగుతోంది, మనిషి మాత్రం నిలబడే ఉన్నాడు. అల ఆయన్ని తీసుకొచ్చి ఒడ్డున దింపింది. ఇసుకలో గంతులేశాడు, బోర్డుని ముద్దు పెట్టుకున్నాడు, సంతోషం పట్టలేక వెక్కి వెక్కి ఏడ్చాడు. చెప్పుకుందామంటే ఎవరూ లేరు. చెబుదామన్నా, లేని అల ఎలా ఎక్కావని అడుగుతారు.

"తల తడిసిందేం?" అంది భార్య.

"స్నానం చేశా."

"చెవుల్లో ఇసుకతోనా?"

ఆయన మాట మార్చేసి కాఫీ అడిగాడు.

సాయంత్రం బల్ల దగ్గరికొచ్చేసరికి బేకరీ ఆవిడా, బావమరిదీ, ఇంకా సగం ఊరూ అక్కడే కాచుకుని ఉన్నారు. ఎవరి ముఖంలోనూ నెత్తుటి చుక్క లేదు. మాస్టారు గొంతు సవరించుకుని సుద్దముక్క తీశాడు.

"రేపు అలలు బ్రహ్మాండం. గాలి అనుకూలం. అందరూ తప్పక రండి."

రాత్రికి రాత్రే జెల్లీ చేపలు ఎటు పోయాయని అడిగితే చెప్పడానికి ఓ కథ సిద్ధం చేసుకుని ఇటు తిరిగాడు. ఎవరూ అడగలేదు. బావమరిది బల్ల మీద మాటలు మళ్ళీ ఓసారి చదువుకుని, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"హమ్మయ్య, నిలబడ్డావన్నమాట బావా, ఇక మేం నీళ్ళలో దిగొచ్చా?"