మంచుదారి మజిలీలు

“ఒక్క మజిలి తప్పినా పిలగాడు ఆన్నే ఆగిపోతడు. ఏదీ ఇడిసిపెట్టొద్దు” అంది తండాలో పెద్ద ముసలామె, చెవులు సరిగా వినపడని మోతీబాయి.

“అవ్వా, గది మన కొత్తగూడ రోడ్డా? భూమికి ఆ కొసన ఉన్నది. ఫోన్ల బొమ్మలు సూపిస్తె మా అన్న గాడ్నించి ఎట్లొస్తడు?” దీప విసుక్కుంది. మానుకోటలో డిగ్రీ చదువుతోంది. అన్న పోయిన దుఃఖం ఆమెకు కోపమై బయటికి వస్తోంది.

 వదిన రుక్కి చెంబులో నీళ్లు, పళ్లెంలో జొన్నరొట్టె ముందు పెట్టుకుంది. తండా బయట బండమీద కూర్చున్నారు ముగ్గురూ. సిగ్నల్ అందేది అక్కడ ఒక్కచోటే, అదీ దాని బుద్ధి పుట్టినప్పుడు.

రుక్కి పెనిమిటి హరిలాల్ లారీ డ్రైవరు. దుబాయి నుంచి నార్వేకు పోయాడు. ఆర్కిటిక్ వైపు పోయే మంచురోడ్డు మీద మొదటి ట్రిప్పులోనే లారీ జారి లోయలో పడింది. శవం పెట్టెలో వచ్చింది, కాష్టమూ కాలింది. మనిషి మాత్రం ఇంకా రాలేదంటుంది మోతీబాయి. దారిలో పోయినవాణ్ణి, పోయిన చోటు నుంచి మజిలీ మజిలీకీ పేరుపెట్టి పిలుచుకుంటూ తేవాలి. లేకుంటే ఇంటిదారి తెలియక అక్కడే తిరుగుతాడు. భూపాలపల్లిలో పోయిన తన మొగుడు మంగీలాల్‌ని ఆమె అట్లాగే తెచ్చుకుంది. బస్సులో ఆయనకూ టికెట్ కొన్నది. “రెండో మనిషి ఏడమ్మా?” అని కండక్టర్ అడిగితే, “కిటికీ పక్కన కూసున్నడు, కనవడ్తలేడా?” అందట. మొగుళ్లపల్లిలో బస్సు ఆగితే ఆయన పేరు మీద చాయ్ కూడా పోయించిందట.

నార్వేకు తండా నుంచి బస్సు లేదు. ఉన్నవల్లా హరిలాల్ పోతూ పోతూ, ఆగిన చోటల్లా తీసి పంపిన వీడియోలు. రుక్కికి రాయడం రాదు. ఏది వచ్చినా, అది తెరుచుకున్నా తెరుచుకోకున్నా, అందిందన్న గుర్తుగా ఒక బొటనవేలు బొమ్మ పెట్టేది. ఇప్పుడు చివరి దాని నుంచి మొదటి దానికి వెనక్కి రావాలి.

దీప చివరి వీడియో పెట్టింది. చుట్టూ మంచుకొండలు, మసక చీకటి. “ఇగో, పగటీలే గిట్లున్నది. సూర్యుడు మొకమే సూపెడ్తలేడు” అంటున్నాడు హరిలాల్.

“పిలువు” అంది మోతీబాయి.

 పెళ్లయిననాటి నుంచి పెనిమిటి పేరు రుక్కి నోట రాలేదు. రొట్టె ముక్క తుంచి బండమీద పెట్టి, నీళ్లు చిలకరించి, కళ్లు గట్టిగా మూసుకుంది.

“హరిలాల్… దా. ఇంటికి పోదాం దా.”

తర్వాతిది పడవ. లారీలను కూడా ఎక్కించుకుని సముద్రపు పాయ దాటుతోంది. “పడవ ఎక్కు, దా” అని రుక్కి పిలిచింది.  దీప ఉండబట్టలేక, “అన్నా, కడ్డీ గట్టిగ పట్టుకో. నీకు ఈత రాదు” అంది. అని, ఏడ్చేసింది.

ఆ తర్వాత రోడ్డుకు అడ్డంగా కొమ్ముల జింకల మంద. “మన ఎడ్ల లెక్కనే, హారన్ కొట్టినా జరుగవు” అని హరిలాల్ నవ్వుతున్నాడు. ఆ తర్వాత మంచులో రాళ్ల కుప్పలు. “ఆర్కిటిక్ ఈడ్నుంచే సురువట. వచ్చినోళ్లంత రాయి మీద రాయి పెడ్తున్నరు. నీ పేర ఒకటి పెట్టిన రుక్కీ.” ఆ తర్వాత మూసిన గేటు. మంచు తోసే బండి ముందు పోతేనే లారీలను వదులుతారట.

ప్రతి చోటా రొట్టె ముక్క, నీళ్లు, పిలుపు. పిలిచిన కొద్దీ రుక్కి గొంతు పెరిగింది. పక్కనే నడిచి వస్తున్నవాడితో మాట్లాడినట్టే ఉంది. మొగుడు పోయాక ఆమె మొహంలో ఇంత వెలుగు రావడం ఇదే మొదలు.

ఇంకొక్కటే మిగిలింది, అన్నిటికన్నా ముందు పంపింది. దాని మీద గుండ్రటి గీత తిరుగుతూనే ఉంది.

“గిది అప్పుడు గూడ తెరుసుకోలే వదినా. ఇడిసిపెట్టు. సీదా ఏర్‌పోర్టుకు తీస్కపోదాం” అంది దీప.

రుక్కి మోతీబాయి వైపు చూసింది.

“తప్పొద్దు బిడ్డా. గింత దూరం తెచ్చి ఆడ ఇడుస్తవా?”

ఎదురుచూశారు. దీప లేచి నిలబడి, ఫోన్ పట్టుకుని చెయ్యి పైకెత్తింది. చివరికి తెరుచుకుంది.

పెట్రోల్ బంకు. లారీ టైర్లకు గొలుసులు కడుతున్నారు. హరిలాల్ మొహంలో నవ్వు లేదు.

“రుక్కీ, ఈడ్నుంచి మొత్తం మంచే. నా తోటి డ్రైవరు నాతోని కాదని ఈన్నించే మర్రిపోతున్నడు. నాగ్గూడ బుగులైతున్నది. వాపస్ వస్తె నౌకరి ఉండదు. నువ్వెట్లంటె గట్ల. పొమ్మంటె పోత. ఒక్కసారి రమ్మను, గిప్పుడే మర్రొస్త. నీ జవాబు వచ్చేదాంక ఈన్నే కూసుంట.”

రొట్టె ముక్క రుక్కి చేతిలోనే ఉండిపోయింది.

“పిలువు బిడ్డా, గిదే ఆఖరి మజిలి. పిలువు” అంటోంది వీడియోలో మాటలు వినపడని మోతీబాయి.

వీడియో కింద, ఆ రోజే రుక్కి పంపిన జవాబు ఉంది: పైకి లేపిన బొటనవేలు.