వచ్చిన పని

"పెద్దమ్మా, నిజం చెప్పు. నువ్వు తిరిగొస్తావా, రావా?"

సునీల్దా చేతిలో ఫోను పట్టుకుని కూర్చుంది కానీ వేలు కదపడం లేదు. ఫోన్లో స్పెయిన్ టికెట్టు చూపిస్తోంది. ఈ ధరకి ఇంకా రెండే మిగిలాయని ఎర్రక్షరాలు.

"రానూ పోనూ టికెట్టే కదే తియ్యమంటున్నాను!" అంది పెత్రోనా. ఆవిడ చేతులకి కర్రపెండలం పిండి అంటుకుని ఉంది. ఆ పిండిలో చీజు కలిపి చీపా రొట్టెలు కాల్చి, పరాగ్వే హైవే మీద బస్సులెక్కి అమ్మడం ఆవిడ పని.

"మన వీధిలోంచి వెళ్ళినవాళ్ళందరూ రానూ పోనూ టికెట్టే తీశారు. అక్కడి ఆఫీసర్లకి చూపించాలిగా! ఒక్కరైనా తిరిగొచ్చారా?"

"వాళ్ళ సంగతి నాకెందుకు? నేను మంచు చూడ్డానికి పోతున్నాను."

"వాళ్ళూ ఏదో ఒకటి చూడ్డానికే పోయారు," అంది సునీల్దా.

పెత్రోనా ఆర్నెల్లుగా బస్సుకీ బస్సుకీ మధ్య నీడన కూర్చుని అన్నీ తనే వెతికింది. ఫిబ్రవరిలో మంగళవారం బయల్దేరితే చవక. బ్రెజిల్ దాకా బస్సులో వెళ్ళి అక్కడ విమానం ఎక్కితే ఇంకా చవక. పెట్టె లేకుండా భుజానికో సంచితో ఎక్కితే మరీ చవక. స్పెయిన్‌లో మంచుకొండల పక్కనున్న గ్రనాడా ఊళ్ళో ఎనిమిది మంది ఆడవాళ్ళు పడుకునే గదిలో ఓ పై మంచం. అన్నీ చీపాలు చుట్టే కాగితాల మీద రాసి పెట్టుకుంది. ఇంత చేస్తే సొంత చెల్లెలి కూతురే నమ్మడం లేదు.

ఫోన్లో రెండు కాస్తా ఒకటైంది.

"నొక్కవే తల్లీ, పోతుంది!"

సునీల్దా కళ్ళు మూసుకుని నొక్కేసింది. ఆ తర్వాత మొహం తుడుచుకుని సర్దుకు కూర్చుంది.

"సరే, నేను అక్కడి ఆఫీసర్ని. వచ్చిన పనేంటి?"

"మంచు... మంచు చూడ్డానికి సారూ."

"వణుకుతున్నావ్! అక్కడిలా వణికావంటే పక్కగదిలోకి తీసుకెళ్తారు. అట్నుంచటే వెనక్కి పంపేస్తారు. మళ్ళీ చెప్పు."

ఫిబ్రవరి దాకా రోజూ ఇదే తంతు.

తీరా స్పెయిన్‌లో దిగి వరసలో నిలబడింది పెత్రోనా. ముందున్న గులాబీరంగు కోటు అమ్మాయిదీ పరాగ్వే పాస్‌పోర్టే. ఆఫీసరు రెండు ప్రశ్నలు వేశాడు. ఎవరో వచ్చి ఆ అమ్మాయిని పక్కగదికి తీసుకెళ్ళారు.

"తర్వాత!"

పెత్రోనా పాస్‌పోర్టు అద్దం కిందనుంచి తోసింది.

"వచ్చిన పనేంటి?"

"మంచు చూడ్డానికి." గొంతు వణకనే వణికింది.

ఆఫీసరు తలెత్తాడు. యాభై దాటిన మనిషి. "మంచా?"

"గ్రనాడా కొండల మీద ఉంటుందట కదా సారూ."

"ఒక్కరేనా? మీ ఆయన?"

"లేడు."

"పిల్లలు?"

"లేరు."

"అయితే వెనక్కి వెళ్ళాల్సిన అవసరమేమీ లేదన్నమాట."

"ఉంది. నా పొయ్యి ఉందక్కడ. చీపాలు కాల్చి బస్సుల్లో అమ్ముతాను."

"బస్సుల్లో రొట్టెలమ్మే మనిషి స్పెయిన్‌కి షికారొచ్చిందంటే నమ్మమంటారా?"

పెత్రోనా సంచిలోంచి కాగితాల కట్ట తీసి ఇచ్చింది. నూనె మరకల మధ్య రాతలు. ఆఫీసరు ఒక్కొక్కటే తిప్పాడు. కొండకెళ్ళే బస్సు ఎన్నింటికో, చలి చేతొడుగులు ఎక్కడ చవకో, ఏ మ్యూజియం ఏ రోజు ఉచితమో, అన్నీ ఉన్నాయి.

"చేతులు చూపించండి."

చూపించింది. వేళ్ళ నిండా కాలిన మచ్చలు.

"ఇవి పనిచేసే చేతులు," అన్నాడు.

"పనిచేసేవాళ్ళకే కదా సారూ సెలవు కావాలి."

వెనక వరసలో ఎవరో విసుగ్గా సణిగారు. ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలాడు. "షికారుకని చెప్పి మీ దేశంనుంచి వచ్చేవాళ్ళు ఎక్కడికెళ్తారో తెలుసా? ముసలాళ్ళున్న ఇళ్ళకి. కాగితాల్లేకుండా పనికి కుదురుతారు."

"తెలుసు. మా వీధివాళ్ళే ఏడుగురున్నారు." అనేశాక నాలిక్కరుచుకుంది. ఈ ముక్క చచ్చినా చెప్పొద్దని సునీల్దా లక్షసార్లు చెప్పింది.

"మరి మీరో?"

అయిపోయింది, పక్కగదే అనుకుంది పెత్రోనా. ఆ అనుకోవడంతో వణుకు తగ్గింది.

"నాకు యాభై ఎనిమిదేళ్ళు. పుట్టాక మొదటిసారి ఓ పది రోజులు ఎవరికీ వండను, ఎవరికీ వడ్డించను, ఎవరికీ ఏమీ చెయ్యను. పంపించేస్తానంటే పంపించెయ్యండి."

ఆఫీసరు కాగితాలు వెనక్కి తోశాడు. తర్వాత ముద్ర తీసి ఠప్పున కొట్టాడు.

పెత్రోనా గబగబా కాగితాలు పోగుచేసుకుని, సంచి భుజానికెత్తుకుని నాలుగడుగులు వేసింది.

"ఆగండి!"

పెత్రోనా వెనక్కి వచ్చింది. ఆఫీసరు అటూ ఇటూ చూసి, అద్దానికున్న కంతలోకి మొహం వంచి గొంతు తగ్గించాడు.

"మా అమ్మకి ఎనభై ఆరేళ్ళు, చూసుకోడానికి మనిషి దొరకట్లేదు. మీ వీధిలో నమ్మకమైనవాళ్ళు ఎవరైనా ఉంటే, షికారుకొచ్చానని చెప్పి నా కౌంటరు దగ్గరికే రమ్మనండి."