హౌజులో తామర

మళ్లీ తేలింది.

మొగులయ్య మోకాలి లోతు నీళ్లలో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆ తామర దుంపను శత్రువును చూసినట్టు చూశాడు. నిన్న సాయంత్రం కుండీలో పాతి ముంగిట్లో రాళ్లతో కట్టిన నీటి హౌజు అడుగున దించిన దుంప అది. తెల్లారేసరికి మట్టిని వదిలించుకుని దర్జాగా ఒడ్డుకు వచ్చింది. ఇది రెండోది. మొదటిది తేలకుండా మీద బండరాయి పెడితే కుళ్లి ఊరుకుంది.

"పెంట కలిపిన తోటమట్టాయె. నీళ్లల్ల నిలుస్తదా అన్నా?" వంటింటి మెట్ల మీద బియ్యం ఏరుతూ అడిగింది ఆగమ్మ.

"గరిటె తిప్పెటోళ్లు గరిటె తిప్పాలె. తోటపని నాకు నేర్పకు," అని కసిరాడు మొగులయ్య.

ఆగమ్మ తల వంచుకుని బియ్యం ఏరడంలో పడింది.

కసరక ఏం చేస్తాడు? గులాబీలకూ మల్లెలకూ పేరుమోసిన మాలి. చార్మినార్ వెనక గల్లీలో ఉన్న ఈ నవాబుల కాలపు దేవిడీలో పనికి కుదిరి నాలుగు నెలలైంది. తామరకు మాత్రం చేయి కొత్త. యజమాని చిన్న సాబ్ మొన్ననే తేల్చి చెప్పాడు. వానలు పడేలోపు హౌజులో పువ్వు కనిపించాలి, లేదంటే దాన్ని రాళ్లతో పూడ్చి మోటారు షెడ్డు కట్టిస్తాడట. షెడ్డుకు మాలి ఎందుకు? ఈ వయసులో ఇంకో కొలువు ఎవరిస్తారన్న దిగులుతో మొగులయ్యకు అన్నం సయించడం లేదు.

మర్నాడు పొద్దున్నే వరండాలోంచి ఆగమ్మ వచ్చింది.

"అన్నా, బేగం సాబ్ నీకో మాట చెప్పమన్నది."

మొగులయ్య గబుక్కున తలగుడ్డ సర్దుకున్నాడు. బేగం సాబ్ అంటే చిన్న సాబ్ తల్లి. వరండా చివరి గది ఆమెది. గుమ్మానికి వెదురు పుల్లల పరదా. లోపలివాళ్లకు హౌజంతా కనిపిస్తుంది, బయటివాళ్లకు లోపలిది గోరంత కూడా కనిపించదు. పరాయి మగవాడి కంటపడని ఇల్లాలని మొగులయ్య విన్నాడు. ఆ పరదా దాటి వచ్చిపోయేది ఆగమ్మ ఒక్కతే.

"నా పని... బేగం సాబ్ చూసిందా?"

"మొదటి సంది చూస్తున్నదట. చెరువు నల్లమట్టి తెమ్మన్నది. పెంట పిడికెడు గూడ వద్దట. ఎడల్పు కుండీ గావాల్నట."

మీరాలం చెరువు మట్టి రిక్షాలో దిగింది. మొగులయ్య కుండీ నింపి, దుంప చేతిలో పట్టుకుని పరదా వైపు భయంభయంగా చూశాడు.

"నిలువు గుచ్చకు. పండవెట్టు, పసిపోరన్ని పండవెట్టినట్టు. మొలక ముక్కు బయటికి ఉండాలె," అంది ఆగమ్మ.

"మరి రాయి?"

ఆగమ్మ పరదా వెనక్కి వెళ్లి కాసేపటికి వచ్చింది. "పలకరాయికి గోనెగుడ్డ చుట్టి దుంప నడుం మీద పెట్టాల్నట. మొలక మీద పెడితే పానం బోతదట. పైన సన్న కంకర చల్లు."

"నీళ్లు నిండుగ ఇడవాల్నా?"

మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి. "కుండీ మీద జానెడే. ఆకు లేస్తుంటె నువ్వు నీళ్లు పెంచాలె."

మొగులయ్య ఆశ్చర్యపోయాడు. "బురద తొక్కని పాదాలాయె. గింత ఇల్మ్, గింత తెలివి ఏడికెల్లి వచ్చింది?"

"పెద్దోళ్ల ముచ్చట మనకేం ఎరుకన్నా," అంటూ ఆగమ్మ చాయ్ కప్పు పట్టుకుని లోపలికి వెళ్లింది. కాసేపటికి ఖాళీ కప్పు బయటికి వచ్చింది. మొగులయ్య ఆ కప్పును చూసి కూడా తలగుడ్డ సర్దుకున్నాడు. ఒక్కనాడూ బేగం సాబ్ గొంతు వినపడలేదు. గొప్పింటి ఆడవాళ్ల మాట గడప దాటదు మరి, అనుకున్నాడు.

ఈసారి దుంప తేలలేదు. పన్నెండో రోజున రూపాయి బిళ్లంత ఆకు నీటి మీద వాలింది. నెలన్నరకు ఆకులు నీటిని విడిచి గొడుగుల్లా పైకి లేచాయి. మృగశిర ముంచుకొచ్చింది. మబ్బు పట్టిన ఓ సాయంత్రం రాళ్లబండి వచ్చి గేటు దగ్గర ఆగింది. హౌజులో ఒకే ఒక్క మొగ్గ, అదీ బిగించిన పిడికిలిలా ఉంది. ఆ రాత్రి మొగులయ్య కంటి మీద కునుకు లేదు.

తెల్లవారింది. మొగ్గ కదిలింది. ఒక్కో రేకు విడివడుతుంటే మొగులయ్య మెట్ల మీద కూలబడ్డాడు. వేల గులాబీలు పూయించిన మనిషి. ఏ పువ్వు ముందూ ఇలా కూలబడలేదు. అంత బురదలోంచి, మరక అంటకుండా, ఇంత పెద్ద వెలుగు ఎలా లేచి వచ్చిందో అతనికి అర్థం కాలేదు. కళ్లు వాటంతట అవే కారాయి.

రాళ్లబండిని చిన్న సాబ్ గేటులోంచే వెనక్కి పంపించేశాడు.

"ఆగమ్మా, బేగం సాబ్‌కు సలాం చెయ్యాలె. జెర చెప్పవా," అని బతిమాలాడు మొగులయ్య.

"నేను చెప్త తియ్యన్నా."

"వద్దు. నా నోటితోని నేనే చెప్పాలె."

ఆగమ్మ అతని వంక చూసి, పరదా లోపలికి వెళ్లింది. మొగులయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, పరదాకు మూడడుగుల దూరంలో మోకరిల్లాడు.

"బేగం సాబ్, సలాం. అదబ్ గల్ల ఉర్దూ నాకు రాదు, మాఫ్ చెయ్యండ్రి. ముప్పై ఏండ్ల సంది మట్టిల చేతులు పెట్టిన. అంతా నాకే ఎరుకని మురిసిన. మీ ముంగట నేను ఓనమాలోన్ని. గీ పువ్వు నాది గాదు, మీది. మీ అసొంటి ఉస్తాద్‌ను నేను నా జిందగీల చూడలే."

లోపల ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.

మొగులయ్య బిత్తరపోయాడు. తప్పు మాట అన్నాడా? పెద్దావిడకు ఒంట్లో బాగాలేదా? "ఆగమ్మా, ఏమైంది?" అని పిలిచాడు. ఏడుపు ఆగలేదు. ఇక ఉండబట్టలేక, అదబ్, మర్యాద అంతా మరిచిపోయి, పరదా పక్కకు లాగాడు.

దుమ్ము పట్టిన ఆ గదిలో, ఏళ్లుగా ఎవరూ పడుకోని మంచం పక్కన, ఆగమ్మ ఒక్కతే ఉంది.