మర్యాద తగ్గిన రోజు

కింద ఉండే ఇంటి యజమాని ముసలావిడ అరుపులు మేడ మీదకి వినపడేసరికి దర్జీ మిషను ఆపేశాడు. కుడుతున్న గుడ్డ అలాగే వదిలేసి కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. వాకిట్లో ఆవిడ చేతులు తిప్పుతూ అరుస్తోంది. ఎదురుగా అతని భార్య, తలకు కట్టుకున్న ముసుగు సర్దుకుంటూ, తల వంచుకుని నిలబడింది.

దేశం కాని దేశం వచ్చి, "మీవాళ్లకు ఇల్లివ్వం" అన్నవాళ్ల గుమ్మాలన్నీ ఎక్కి దిగి, ఆ ముస్లిం జంట చివరికి సంపాదించుకున్న ఇల్లు ఇది. "ఇక్కడా నూకలు చెల్లాయి" అనుకుని, అతను అటక మీది పెట్టెల కేసి చూశాడు.

భార్య ఖాళీ బకెట్టుతో పైకొచ్చింది. చూస్తే నవ్వుతోంది!

"ఏమైంది? ఖాళీ చెయ్యమందా?"

"కాదు. మన బట్టల నీళ్లు ఆవిడ ఎండబెట్టుకున్న దిండ్ల మీద కారాయట. 'ఏమే, బట్టలు పిండడం మీ అమ్మ నేర్పలేదా?' అని దులిపేసింది."

"దానికి నవ్వెందుకు?"

"ఇన్నాళ్లూ 'బాగున్నారాండీ' అని తలుపేసుకునేది. ఇవాళ అచ్చం తన కోడల్ని తిట్టినట్టే తిట్టింది. 'పుల్లలా ఉన్నావ్, కాస్త తిండి తినవే' అని కూడా తిట్టింది."

దర్జీ ఊపిరి పీల్చుకున్నాడు. "మరి నన్నేమైనా అందా?" అని ఆశగా అడిగాడు.

"'మీవారు మాత్రం చాలా మర్యాదస్తులు' అంది."

అతని ముఖం చిన్నబోయింది. "అంటే నేనింకా పరాయివాణ్ణేనన్నమాట."

భార్య చేతిలోని బకెట్టు అందుకున్నాడు.

"రేపు బట్టలు నేనే ఆరేస్తాను. పిండకుండా."