వరదానం మాస్టారి పేజీ

"మేడంగారండీ, మా మాస్టారి పేజీ తీసేస్తారంట కదండీ?"

కాలేజీ గేటు దగ్గర అడ్డం వచ్చిన మనిషిని జెస్సీ ఎగాదిగా చూసింది.

పేరు దుర్గారాజు. కొల్లేటి లంకలో చేపల చెరువు మీద పని. ఇందుకోసమే పొద్దున్నే బయల్దేరి ఏలూరు వచ్చాడు.

జెస్సీ ఆ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్. తీరిక వేళల్లో ఆన్‌లైన్ తెలుగు విజ్ఞాన సర్వస్వానికి నిర్వాహకురాలు. అందులో ఎవరి పేజీ ఉండాలో, ఎవరిది పోవాలో తేల్చే పని. జీతం లేదుగానీ, దర్జా మాత్రం కలెక్టరుకి తీసిపోదు!

"ఇంతకీ వరదానంగారు ఏం చేశారండీ?"

"దోనె వేసుకుని వచ్చి మా లంకలో చదువు చెప్పేవారండి. మా అందరికీ నాలుగక్షరాలు వచ్చాయంటే ఆయన చలవేనండి."

"అలాంటి మాస్టార్లు ఊరికొకరుంటారండీ. ఆయన గురించి పేపర్లో ఏమన్నా వచ్చిందా?"

"మా దాకా ఏ పేపరోళ్లొస్తారండీ?"

"పేపర్లోనో పుస్తకంలోనో రాని వాళ్లకి పేజీ ఉండకూడదని నియమమండీ. మరి ఎలా ఉంచమంటారు?"

దుర్గారాజు గొంతు తగ్గింది.

"మంచం మీదున్నారండి. ఎక్కువ రోజులుండరన్నారు. ఆయనకి తెలీకుండా ఆ పేజీ నేనే రాశానండి. ఒక్కసారి చూపిస్తాను. ఆ తర్వాత తీసేసుకోండి."

అబద్ధమెందుకు, జెస్సీ మనసు మెత్తబడింది. నాలుగు రోజులు ఉంచేద్దామనే, ఉంచాలా తీయాలా అని సభ్యులు రాసే చర్చ పేజీ తెరిచింది.

అప్పటికే గూడబాతు అనే మారుపేరుతో రాసే సభ్యుడు తన మాట రాసేసి ఉన్నారు.

"తొలగించండి. నియమం అందరికీ ఒకటే. ఈయన అంతటి మనిషేం కాదు."

గూడబాతు అంటే జెస్సీకి గురువు. కొల్లేటి ఊళ్లు, పిట్టలు, చేపలు, కాలవలు, అన్నిటి మీదా పేజీలు రాసింది ఆయనే. జెస్సీ తప్పులు దిద్ది, ఓపిగ్గా పని నేర్పిందీ ఆయనే. అసలు పేరేమిటో, ఎక్కడుంటారో ఆమె ఏనాడూ అడగలేదు. అక్కడందరివీ మారుపేర్లే. అడగడం మర్యాద కాదు.

గురువుగారి మాటకి ఎదురేముంది? పేజీ తీసేసింది.

వారం తిరక్కుండానే దుర్గారాజు ఫోన్ చేశాడు.

"మాస్టారు పోయారండి. రేపు భూస్థాపన."

"పేజీ చూశారా?"

"చూపిద్దామని తెరిస్తే లేదండి."

జెస్సీకి ప్రాణం ఉసూరుమంది. గురువుగారితో చెప్పుకుందామంటే ఆయన అలికిడీ నాలుగు రోజులుగా లేదు. ఆయనకో ముక్క రాసి పడేసి, తెల్లారి లంకకి బయల్దేరింది.

సమాధి దగ్గర ప్రార్థన అయిపోయింది. ఇంటికొచ్చాక మాస్టారి భార్య సువార్తమ్మ ఆమెను లోపలికి పిలిచింది.

"మీరు కంప్యూటర్ టీచరంట కదమ్మా. ఈ పెట్టె దీపం ఆరట్లేదు, కాస్త ఆపి పెట్టండి. రిటైరైన కాడ్నించీ ఆయనకి ఇదే లోకం. మంచాన పడ్డాక కూడా పొట్ట మీద పెట్టుకుని టకటకలాడించేవారు."

"ఏం రాసేవారండీ?"

"ఏమోనమ్మా. అడిగితే నవ్వేవారు. మొన్నామధ్య మాత్రం, 'మనవాడొకడు నా మీద ప్రేమ కొద్దీ తప్పు పని చేశాడే, దిద్దాను' అన్నారు."

జెస్సీ లాప్‌టాప్ మూత ఎత్తింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తెర మీద గూడబాతు ఖాతా తెరిచి ఉంది, అందులో ఇంకా చదవని సందేశం ఒక్కటే, నిన్న తాను పంపింది: "గురువుగారూ, ఎక్కడున్నారు?"