లారీల వైపు

వెనక హారన్ మోగగానే ముసలాయన సైకిల్ మళ్ళీ ఆమె పక్కకు వచ్చేసింది.

"తాతా, వెనకాలే రావచ్చుగా! నన్ను మట్టిలోకి దించేస్తున్నారు."

"మట్టిలో దిగితే బట్టలే మాస్తాయి తల్లీ."

లారీ దుమ్ము కొట్టుకుంటూ పోయింది. ఆ గాలికి ఆయన చొక్కా ఎగిరిపడింది.

ఒంటరిగా సైకిల్ మీద ఊళ్ళు తిరగాలని, చూసిందల్లా డైరీలో రాసుకోవాలని బయల్దేరిన పిల్ల ఆమె. నిన్న పొద్దున కొండదారి మొదట్లో ఈయన కలిశాడు. "ఒక్కదానివేనా? నేనూ అటే," అన్నాడు. అంతే, వదల్లేదు.

ఆగిన చోటల్లా ఆమె డైరీ తీసేది. ఆయన దూరంగా కూర్చుని చైను తుడుచుకునేవాడు.

"నా గురించి రాయకమ్మా."

"రాసేశాగా! పేరు చెప్పలేదని జిడ్డు తాత అని పెట్టా."

ఆయన పకపకా నవ్వాడు.

"నయమే. అంత మంచి పేరు నాకెవరూ పెట్టలేదు."

కొండ దిగుతుంటే ఒక మలుపు దగ్గర ఆయన సైకిల్ దిగిపోయాడు.

"ఇది నడిచి దాటుదాం."

"దిగుడులో నడకేంటి తాతా?"

"ఓపిక లేదమ్మా."

లారీల వైపు తను నడిచాడు. మలుపు మధ్యలో ఆగి, రోడ్డు అంచున కాసేపు నిలబడ్డాడు.

'తాతకు అలుపొచ్చింది,' అని రాసుకుందామె.

కొండ కింద టీకొట్టు కనిపించగానే ఆయన ఆగాడు.

"ఇక దారంతా చదునే. వెళ్ళొస్తా తల్లీ."

"టీ తాగరా?"

"నేనక్కడికి రాను."

"సరే, వెళ్ళండి చాలు. మళ్ళీ రానక్కర్లేదు!"

ఆయన ఈసారి నవ్వలేదు. సైకిల్ వెనక్కి తిప్పాడు.

కొట్టులో పొయ్యి దగ్గర ఒకాయన పాలు కాస్తున్నాడు. ఆయన భార్య బల్ల తుడుస్తోంది.

'హమ్మయ్య, జిడ్డు వదిలింది,' అని డైరీలో రాస్తూ ఆమె తలెత్తింది. గోడ మీద ఫోటోలో తన ఈడు పిల్ల, సైకిల్ పట్టుకుని నవ్వుతోంది.

"మా అమ్మాయి," అంది కొట్టావిడ. "నీతో పెద్దాయన వచ్చాడా?"

"వచ్చారు. ఒకటే నస! లారీల వైపు తనే తొక్కాలట."

"పై మలుపులో మా పిల్లను లారీ గుద్దేసింది. అప్పట్నుంచి ఏ ఆడపిల్ల సైకిల్ మీద ఒంటరిగా వచ్చినా ఆయన అలాగే తోడొస్తాడు."

ఆమె చేతిలో కలం ఆగిపోయింది. గబుక్కున రోడ్డు మీదికి పరుగెత్తింది.

"తాతా!"

దారి ఖాళీగా ఉంది.

తిరిగొచ్చి, పొయ్యి దగ్గరున్నాయనతో తడబడుతూ అంది.

"ఆయన చెప్పనేలేదండీ. ఆ పిల్ల వాళ్ళ తాతగారని తెలిస్తే అంత మాట అనేదాన్నా!"

కొట్టాయన ఒక టీ గ్లాసు ఆమె ముందు పెట్టాడు. రెండో గ్లాసు నింపి, పెద్దాయనకని కొట్టు బయట గట్టు మీద పెట్టి వచ్చాడు.

"ఆయన మా పిల్ల తాత కాదమ్మా," అన్నాడు. "ఆ రోజు లారీ తోలింది ఆయన."